మండలంల పడ్డ వాన సరే, మన చేన్ల ఎంత పడ్డది?

మృగశిర కార్తెల ఒక్క వాన పడంగనే పత్తి ఇత్తులు పెట్టుడు, తర్వాత పదిరోజులు వాన మొకం చాటేసుడు, మొలకలు మాడితే మళ్ల ఇత్తులు కొనుడు. మన ఊర్లల్ల ఇది కొత్త ముచ్చట కాదు. నల్లరేగడి నేలల్ల 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డంకనే పత్తి పెట్టాలని వ్యవసాయ అధికారులు చెప్తనే ఉంటరు. మంచి మాటే. కని ఆ 60 ఎక్కడ పడాలె? మండలంల పెట్టిన మిషన్ కాడనా, మన చేన్లనా? జూన్ వాన సంగతి ఎరికే గదా. చెరువుకు ఈ దిక్కు దంచుతది, ఆ దిక్కు చినుకుండది.

అందుకే సోలార్ మీద నడిచే చిన్న వాతావరణ కేంద్రం మనమే చేసుకోవాలంటున్న.

వీడియోలల్ల అందరు బోర్డు గురించే చెప్తరు. ఈఎస్‌పీ32 బోర్డు, వేడి, తేమ, గాలి ఒత్తిడి చూసే బీఎంఈ280 సెన్సర్, 6 వోల్టుల ప్యానెల్, ఒక లిథియం సెల్లు, దానికి చార్జింగ్ బోర్డు. కోడు ఆన్‌లైన్ల దొరుకుతది. అది కష్టమేం కాదు. అసలు పని వాన గిన్నె కాడ ఉన్నది.

గరాటు కింద తక్కెడ లెక్క రెండు చిన్న దొప్పలుంటయి. ఒకటి నిండంగనే ఒరిగి నీళ్లు పారబోస్తది, రెండోది గరాటు కిందికొస్తది. ఒరిగినప్పుడల్లా అయస్కాంతం ఒక స్విచ్చు ముంగటికెళ్లి పోతది, బోర్డు ఒకటని లెక్కవెడ్తది. ఒక్క ఒరుగుడుకు ఎంత వాన? డబ్బా మీద రాసిందే నమ్మకుండ్రి, మీరే చూసుకోండ్రి. గరాటు మూతి అడ్డం 16 సెంటీమీటర్లుంటే వైశాల్యం 201 చదరపు సెంటీమీటర్లు. అంటే 201 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 10 మిల్లీమీటర్ల వాన పడ్డట్టు. మందుల దుకాణంల సిరంజి తెచ్చి చుక్కచుక్క పొయ్యాలె. 40 సార్లు ఒరిగితే ఒక్కోటి పావు మిల్లీమీటర్. ఒక్కసారే గుమ్మరిస్తే లెక్క తప్పుతది.

గిన్నెను చెట్టు కింద, గోడ పక్కకు పెడితే ఇదంత దండుగ. గోడ ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరం పోవాలె. వేడి చూసే సెన్సర్‌కు ఎండ తగలొద్దు. తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లు సందులిడిచి ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ పెట్టాలె. ఎండల పెట్టిన సెన్సర్ చెప్పేది డబ్బా వేడి, గాలి వేడి కాదు.

వైఫై ఎప్పుడూ నడుస్తుంటే బోర్డు 100 మిల్లీయాంపుల దాక గుంజుతది, 2000 మిల్లీయాంప్ అవర్ల సెల్లు ఒక్క రోజు కూడ ఆగది. పావుగంటకోసారి లేచి, పది సెకండ్లు పనిచేసి పండుకునేటట్టు కోడు రాస్తే నాలుగు రోజుల ముసురైనా దాటుతది. గిన్నె ఒరిగితే మాత్రం నిద్రలకెళ్లి లేసి లెక్క రాసుకోవాలె. సెల్లును ప్యానెల్ వెనుక అంటించకుండ్రి. 45 డిగ్రీలు దాటినంక లిథియం సెల్లును చార్జ్ చెయ్యొద్దు, మన మే నెల ఎండలకు అది ఎంతసేపు?

మన లెక్క సర్కారు రికార్డుల ఎక్కది, పరిహారానికి పనికిరాది. ఇత్తనం పెట్టాల్నా, ఆగాల్నా అన్నదానికి మాత్రం పనికొస్తది. వాతావరణ శాఖ వాన రోజును పొద్దుగాల 8:30 నుంచి మర్నాడు 8:30 దాక లెక్కవెడ్తది. మనం గూడ అదే టైముకు నోటుబుక్కుల రాస్తే, మండలం లెక్క పక్కన పెట్టి సూడొచ్చు.