‘రాత్రి’లో రేవతి

దెయ్యాల సినిమా అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పెదవి విరుస్తారు, పిల్లలు దుప్పటి సందుల్లోంచి చూస్తారు. శ్రీ రాంగోపాల్‌వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ని మాత్రం పెద్దవాళ్ళూ ఒకసారి చూడవలసిందే. అది దర్శకుడి కోసం కాదు, రేవతి కోసం.

కథ కొత్తదేమీ కాదు. కొత్త ఇంట్లో దిగిన కుటుంబం, కారు కింద పడి చచ్చిన పిల్లి, కాలేజీ అమ్మాయిని ఆవహించిన ఆత్మ, దాన్ని వదిలించే మాంత్రికుడుగా ఓంపురి.

శ్రీ వర్మ మన బెజవాడ సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీలో చదువుకున్నవారు. ‘శివ’ (1989)తో తెలుగు సినిమా కెమెరాకు పరుగు నేర్పారు. నేర్చిన పరుగు ఊరుకోనిస్తుందా! ఇక్కడ ఆ కెమెరా గదిగదీ తిరిగి, భయపడవలసిన చోటల్లా వేలు పెట్టి చూపిస్తుంది. దానికి తోడు నేపథ్య సంగీతం. బందరులో పుట్టిన శ్రీ మణిశర్మ తొలినాళ్ళ పని ఇది. విద్వత్తుకు లోటు లేదు. కాని మనకంటె ముందే వాద్యాలు బెదిరిపోతే మనం బెదిరేదెప్పుడు?

కూచిపూడి భాగవతులు భామాకలాపంలో ఇంత హడావిడి చేయలేదు. అడ్డంగా పట్టిన తెర మీదుగా ఒక జడ వచ్చి వాలుతుంది. అంతే, సత్యభామ ఎలా ఉంటుందోనని సభంతా మెడలు చాచి చూస్తుంది.

రేవతికి ఈ రహస్యం తెలుసు. స్తంభం, స్వేదం, కంపం, వైవర్ణ్యం అంటూ సాత్త్విక భావాలు ఎనిమిదింటినీ మేము క్లాసులో వల్లె వేయిస్తాము. పిల్లలు పరీక్షలో రాసి మరచిపోతారు (కొందరు పరీక్షకు ముందే మరచిపోతారనుకోండి). సినిమాహాల్లో చుట్టూ ఒక్క మనిషీ లేకుండా పోయే ఘట్టంలో ఆమె ముఖం చూస్తే మరచిపోలేరు. అక్కడి భయం ఖాళీ కుర్చీలలో లేదు, వాటిని చూసిన ఆ కళ్ళలో ఉంది.

అసలు పరీక్ష ఆవేశ ఘట్టాలలో. జుట్టు విరబోసుకుని గుడ్లు తిప్పడం ఎవరికైనా వస్తుంది. భరతనాట్యం నేర్చిన ఈమె నిలబడే తీరుతో, చూపుతో ఒకే దేహంలో ఇద్దరిని చూపిస్తుంది. ఒక క్షణం మనింటి పిల్లేనని జాలి వేస్తుంది; మరుక్షణం దగ్గరకు వెళ్ళాలంటే గుండె ఒప్పదు. తల్లిగా వేసిన రోహిణీ హట్టంగడి పడే అవస్థ కూడా ఇదే. అందుకే ఆమె నటన ఇంటింటి తల్లికీ తగులుతుంది.

రేవతి అనగానే జాతీయ బహుమతి పొందిన ‘అంకురం’నే తలచుకుంటాము. ‘రాత్రి’ని దెయ్యాల పద్దులో వేసి మరచిపోయాము. ఈసారి చూసినప్పుడు ఆ సినిమాహాలు ఘట్టం వచ్చేసరికి శబ్దం పూర్తిగా తగ్గించి, ఆమె ముఖాన్నే చూడండి.