విడిపాటకు కథలో చోటెక్కడ?

చిత్తూరు నుండి పలమనేరు మీదుగా బెంగళూరుకు పోవు బాటలో బంగారుపాళ్యం ఉన్నది. మామిడికాయల మండీలకు పేరుపడిన ఊరది. ఆ సీమ పల్లెలలో వేసవి వచ్చినదంటే ద్రౌపదమ్మ గుడుల ముంగిట భారతోత్సవములు మొదలగును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. పగటిపూట హరిదాసు చెప్పిన ఘట్టమునే రాత్రివేళ వేషధారులు ఆడి చూపుదురు. అర్జునుడు తపస్సు మాను ఎక్కును. మట్టితో మలచిన దుర్యోధనుడు నేలకొరుగును. కడపట అగ్నిగుండము. పుస్తకము చేతపట్టని వారికి గూడ ఆ సీమలో భారతకథ కంఠస్థమగుటకు ఈ ఉత్సవములే కారణము.

హరికథకు వచనము, పద్యము, పాట మూడును కావలెను. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) వంటి మహామహులు తమ కథలకు తామే పాటలు కట్టుకొనిరి. ఆ శక్తి అందరికిని అబ్బదు గదా! కనుక కథకులు పలువురు పూర్వ వాగ్గేయకారుల కీర్తనలను తెచ్చి కథ నడుమ నిలుపుట పరిపాటియైనది. ఏ కథకును చెందక విడిగా నిలిచిన పాట, తరువాత ఎవరో అల్లిన కథలో ఇముడునా? ఇమిడినచో దేనివలన ఇముడును? పైకి చిన్న ప్రశ్నయే గాని, పాట యొక్క ప్రాణమెక్కడ ఉన్నదో తెలిసిననే గాని దీనికి సమాధానము దొరకదు.

సభలో ద్రౌపది మొరపెట్టు ఘట్టమును తలచుకొందము. కథకుని చేతికి రామదాసు కీర్తనలు రెండు అందినవనుకొందము. ఒకటి ‘పలుకే బంగారమాయెనా’. ఇంకొకటి ‘ఇక్ష్వాకు కులతిలక’. రెండును గోలకొండ చెరసాలతో ముడివడి లోకమున నిలిచినవే. రెండింటను దైవము పలుకలేదన్న బాధయే ఉన్నది. అయినను మొదటిది ద్రౌపది నోట పలికినచో శ్రోత కంట నీరు పెట్టును. రెండవది పలికినచో నవ్వును. ఏలయన రెండవ కీర్తనలో సీతమ్మకు, లక్ష్మణునికి, భరతునికి చేయించిన నగల వెల చెప్పి రాముని నిలదీయుట ఉన్నది. ఆ లెక్క భద్రాద్రి గుడి కట్టించిన తహసీల్దారు ఒక్కడే చెప్పదగినది, పాంచాలి చెప్పరానిది. భావమొక్కటే, ఆర్తి ఒక్కటే. మాటలాడు మనిషి వేరు.

ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. మొదటి కీర్తనలోను సంబోధన కోదండపాణికే గాని ద్వారకావాసికి గాదు. అయినను అది అడ్డు కాదు. శ్రోత పేరును మన్నించును, గొంతును మన్నింపడు. ఈ మాటకు త్యాగరాజస్వామి (1767–1847) రచనయే సాక్ష్యము. ఆయన ‘ప్రహ్లాద భక్తి విజయము’ 5 అంకముల గేయనాటకము. అందు 45 కీర్తనలున్నవి. రీతిగౌళ రాగములోని ‘నన్ను విడచి’ అందులోనిదే. తనను వీడి పోవలదని ప్రహ్లాదుడు హరిని వేడుకొను ఘట్టమది. అయితే ఆ పాటలో పిలుపు రామునికి! కాలగణనము ప్రకారము నరసింహావతారము ముందు, రామావతారము తరువాత. హిరణ్యకశిపుని కొడుకు రామయ్యను పిలుచుట ఎట్లు పొసగునని పంచాంగము తీసి అడుగువారు అడుగవచ్చును. పాట వినువారు అడుగరు. విడిచిపోవుచున్న వానిని పట్టుకొని వేడుకొను బిడ్డ గొంతు అందులో ఉన్నది. ఆ చోట కావలసినదియు అదియే.

అదే కీర్తనను నేడు గాయకులు నాటకము ఊసు లేకయే కచేరీలో పాడుదురు. అచ్చట అది ప్రహ్లాదుని మాట గాదు, ఏ భక్తుని మాటయైనను కావచ్చును. దీనివలన తేలునది ఒకటి గలదు. కథలోని పాట కథ వెలుపలికి వచ్చుట సులువు. వెలుపలి పాట కథలోనికి పోవుట కష్టము. వెలికి వచ్చునపుడు పాట తన వేషమును విడుచును. లోనికి పోవునపుడు ఇతరుల వేషమును ధరింపవలెను. అందరికిని అన్ని వేషములు నప్పవని వీథినాటకము చూచిన పల్లెవారికి వేరుగా చెప్పనక్కర లేదు.

పాటలను దండగా గ్రుచ్చుటలో రెండు తీరులున్నవి. ఒకటి భావైక్యము, రెండవది కథైక్యము. తిరుమల తిరుపతి దేవస్థానము పూనికతో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానము చేసిన ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డులు మొదటి తీరువి. వానిలో అన్నమయ్య సంకీర్తనలును, సంస్కృత స్తోత్రములును ప్రక్కప్రక్కనే ఒదిగినవి. ఆ దండకు దారము కథ గాదు, భక్తి. అట్టి దండలో మరి నాలుగు పాటలు చేర్చినను చెడదు. ‘ప్రహ్లాద భక్తి విజయము’ రెండవ తీరుది. అందు ప్రతి పాటకును ముందొక అడుగు, వెనుకొక అడుగు ఉండును. ఆ నడుమ మరొక పాటను జొనిపినచో నడక తడబడును.

ఈ విచికిత్స మన దేశమునకే పరిమితము గాదు. పాశ్చాత్య రాక్ సంగీత బృందములు కాన్సెప్ట్ ఆల్బమ్ అను పేర, ఒకే సూత్రమున గ్రుచ్చిన గీతసంపుటములను వెలువరించినవి. ఆ పనిలో ఇంగ్లాండు దేశపు పింక్ ఫ్లాయిడ్ బృందము మిక్కిలి ప్రసిద్ధము. 1970లో వెలువడిన ‘జబ్రిస్కీ పాయింట్’ చలనచిత్రమునకై వారిలో రిచర్డ్ రైట్ ఒక పియానో వరుస కట్టినాడు. దర్శకుడు ఆంటోనియోని దానిని కాదన్నాడు. మూలనపడిన ఆ వరుసకే తరువాత మాటలు చేరి, 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ సంపుటములో పాటయై, ఆ సంపుటమునకే అందము తెచ్చినది. కారణము స్పష్టమే. అప్పటికి ఆ వరుసకు మాటలు లేవు. మాటలాడు మనిషియు లేడు. గొంతు లేని రాగము ఏ ఇంటనైన కాపురముండగలదు.

మాటలున్న పాట సంగతి వేరు. ఆ బృందములోని రోజర్ వాటర్స్ తండ్రి రెండవ ప్రపంచ యుద్ధమున, 1944లో, ఇటలీలోని ఆంజియో వద్ద మరణించినాడు. అప్పటికి కొడుకు అయిదు నెలల పసికందు. పెరిగి పెద్దయైన ఆ కొడుకు తండ్రి మరణముపై ‘వెన్ ద టైగర్స్ బ్రోక్ ఫ్రీ’ అను పాట వ్రాసినాడు. 1979 నాటి ‘ద వాల్’ సంపుటములో అది చేరలేదు. 1982లో ఆ కథయే చలనచిత్రమైనపుడు తెరపై వినిపించినది. 1983లో ‘ద ఫైనల్ కట్’ అను సంపుటము వచ్చినది. అదియు యుద్ధమును గూర్చినదే, ఆ తండ్రికే అంకితమైనది. అయినను ఈ పాట అందును లేదు. 2004లో ఆ సంపుటమును మరల వెలువరించినపుడు మాత్రము దానికి నాలుగవ పాటగా చోటు దొరకినది.

ఇమిడినదా? విషయమును బట్టి చూచినచో ఇంతకంటె తగిన పాట లేదు. సంపుటము ఏ శోకము నుండి పుట్టినదో ఆ శోకమే ఈ పాట. అయితే చోటును చూడవలెను. దానికి ముందరి పాటయు, తరువాతి పాటయు ఒకే మనిషిని గూర్చినవి. అతడు బాంబు విమానములో ఎగిరి, ప్రాణములతో తిరిగి వచ్చి బడిపంతులైన సైనికుడు. ముందరి పాట అతనిని పరిచయము చేయును. తరువాతి పాటలో అతడే నోరు విప్పును. ఆ రెండింటి నడుమ, తిరిగిరాని సైనికుని కొడుకు వచ్చి నిలిచి తన గోడు చెప్పుకొనును. పంతులు ఊపిరి తీసికొని పలుకబోవునంతలో వేరొకరు పలికినట్లయినది. పాట తగినదే, చోటు తగినది గాదు. సంపుటము మొదటనో, తుదనో నిలిపినచో అదియే పాట మిగిలిన పాటలన్నింటికి దీపమై వెలిగెడిది.

ఇంతవరకు కథకు కలుగు లాభనష్టములు. పాటకు కలుగు నష్టమును గూడ ఎంచవలెను. తిరుమల ఆలయములోని తాళ్లపాక అరలో దొరకిన రాగిరేకులపై ప్రతి సంకీర్తనకును రాగము పేరు చెక్కబడి ఉన్నది. ఏ సంకీర్తన ఏ పూట, ఏ సంఘటనలో పుట్టినదో అట్లు చెక్కి యుండలేదు. 1997లో ‘అన్నమయ్య’ చలనచిత్రము వచ్చి, విడివిడిగా ఉన్న ఆ కీర్తనలను ఒక జీవితకథలో ఒక్కొక్క ఘట్టమున కూర్చినది. దానివలన వానిని ఎరుగని ఇళ్లలో గూడ అవి మారుమ్రోగినవి. అది గొప్ప మేలు. అయితే ఏడుకొండలను వేలుపెట్టి చూపు ప్రసిద్ధ కీర్తనను విన్నంతనే నేడు పలువురి మనసున మెదలునది కొండ గాదు, తెరపై కొండను చూచిన నటుడు. అయిదు వందల యేండ్లు ఎవరి కన్నులతో వారు చూచిన కొండను అందరును ఒక్కని కన్నులతో చూడవలసి వచ్చినది. కథలో చోటు దొరకిన పాట చెల్లించు సుంకమిది.

మన ఆలంకారికులు దీనిని ఏనాడో ఎరుగుదురు. తనంత తాను పూర్ణమైన పద్యమును ముక్తకమన్నారు. అమరుకుని ముక్తకములు ఒక్కొక్కటియు ఒక ప్రబంధమంతటి రసమును చిందించునని ఆనందవర్ధనుడు మెచ్చుకొన్నాడు. అనగా విడిగా ఉండుట అనాథగా ఉండుట గాదు. దండకు అందని పువ్వెల్ల వాడిన పువ్వని తలచుట పొరపాటు. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యములను ఏరి మణిమంజరిగా కూర్చినపుడు, ఏ కావ్యమునకును చెందని ఆ పద్యములకు ఆ విడితనమే శోభ తెచ్చినది.

కనుక మిగిలిన పాటను కథలోనికి పిలుచువారు ముందుగా మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పాటలో మాటలాడునది ఎవరు? ఎవరితో? ఏ క్షణమున? మూడింటికిని కథలో జవాబున్నచో రాగము, సంబోధన, కాలగణనము వంటి చిల్లర భేదములు అడ్డు రావు. మొదటి ప్రశ్నకే జవాబు లేనిచో ఎంత మధురమైన పాటయైనను అది పెండ్లిపందిటికి పిలువని పేరంటము. అట్టి పాటను నొప్పింపక దాని మానాన దానిని వదలుటయే మర్యాద. ఏ కథ కొరకు అది పుట్టినదో ఆ కథ, ఒంటరిగా పాడుకొనువాని మనసులో ఎన్నడో జరుగుచునే ఉండవచ్చును.