71 మంది, 30 మంది, ఐదుగురు: ఫ్లూ టీకా లెక్క

ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు 71 మంది ఫ్లూ టీకా వేయించుకుంటే ఆ సీజన్లో వాళ్లలో ఒక్కరికి ఫ్లూ తప్పుతుంది. 65 ఏళ్లు దాటినవాళ్లలో ఆ ఒక్కరి కోసం 30 మంది వేయించుకుంటే చాలు. రెండేళ్లు దాటిన పిల్లల్లో అయితే ఐదుగురు చాలు. వేర్వేరు దేశాల్లో జరిగిన టీకా పరీక్షలను ఒకచోట పోగేసి, వడగట్టి 2018లో కొక్రేన్ సంస్థ తేల్చిన అంకెలివి.

మొదటి అంకె వినగానే ఎవరికైనా ఉత్సాహం నీరుగారిపోతుంది. డెబ్బై మంది సూది దండగేనా అనిపిస్తుంది. డాక్టర్లు మామూలుగా చెప్పే అంకె వేరు: వైరస్‌తో బాగా జత కుదిరిన ఏడాది టీకా 40 నుంచి 60 శాతం పనిచేస్తుందంటారు. ఈ రెండు అంకెలకూ పేచీ ఏమీ లేదు. కొక్రేన్ లెక్కలో టీకా లేని పెద్దవాళ్లు వెయ్యి మందిలో 23 మందికి ఫ్లూ వచ్చింది, టీకా పడినవాళ్లలో 9 మందికి. వృద్ధుల్లో అది 60 నుంచి 24కు తగ్గింది. పిల్లల్లో 300 నుంచి 110కి. (వృద్ధుల మీద జరిగిన పరీక్షలు తక్కువ, వాటి నాణ్యతా అంతంతమాత్రం కాబట్టి ఆ అంకెను కాస్త అటూ ఇటూగా పట్టుకోవాలి.) మూడుచోట్లా తగ్గుదల ఇంచుమించు 60 శాతమే. అదే మందు, అదే అర మిల్లీలీటరు. పిల్లలకు ఫ్లూ తగులుకునే అవకాశమే ఎక్కువ కాబట్టి వాళ్ల దగ్గర ఆ 60 శాతానికి ఎక్కువ పని దొరుకుతుంది. అందుకే ఎవరైనా ‘ఫ్లూ టీకా వేయించుకోమంటారా’ అని అడిగితే, ఎవరికి, ఏ నెలలో అని ఎదురు అడగక తప్పదు.

వేయించుకున్నా వచ్చిందే?

టీకా మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇది మొదటిది. ఇందులో సగం తప్పు పడిశానిది. మామూలు జలుబు తెప్పించే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి, ఫ్లూ టీకాకు వాటితో సంబంధం లేదు. జలుబు మెల్లగా మొదలవుతుంది: ముందు గొంతు గరగర, తర్వాత ముక్కు కారడం. ఫ్లూ అలా రాదు. పొద్దున బాగానే ఆఫీసుకు వెళ్లిన మనిషి సాయంత్రానికి 102 డిగ్రీల జ్వరంతో, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులతో మంచం పడతాడు. చాలామంది ఏ గంటకు మొదలైందో కూడా చెప్పగలరు.

మిగతా సగంలో కొంత టీకా పరిమితి, కొంత తొందర. సూది పడ్డాక ఒంట్లో రక్షణ తయారవడానికి సుమారు 2 వారాలు పడుతుంది. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి 1 నుంచి 4 రోజులు చాలు. పక్కింట్లో అందరూ దగ్గుతుంటే చూసి పరుగెత్తి వేయించుకున్నవాళ్లకు ఆ వారంలోనే జ్వరం రావడంలో వింతేం లేదు. టీకా వల్లే ఫ్లూ వచ్చిందనుకోవడం మాత్రం కుదరదు. మన దగ్గర వేసే సూదిలో బతికున్న వైరస్ ఉండదు. భుజం ఒకటి రెండు రోజులు నొప్పి పెట్టొచ్చు, కొందరికి ఒళ్లు వెచ్చబడొచ్చు. అసలు భయపడాల్సిన దుష్ఫలితం గిలాన్ బరే అనే నరాల జబ్బు. దాని లెక్క పది లక్షల డోసులకు అదనంగా ఒకటో రెండో కేసులు. ఫ్లూ వచ్చినా ఆ జబ్బు రావచ్చు.

‘స్వైన్ ఫ్లూ టీకా వేరా’ అని ఇప్పటికీ అడుగుతుంటారు. వేరు కాదు. 2009 మే 16న దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు తేలింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగిన ఒక యువకుడికి. ఆనాటి హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా వచ్చిపోయే మామూలు ఫ్లూల్లో ఒకటైపోయింది, ప్రతి ఏటి టీకాలోనూ దానికి చోటుంది.

7 శాతం అనే అంకె

2015లో దేశంలో హెచ్1ఎన్1 కేసులు 42,592, మరణాలు 2,990. భాగించి చూస్తే వందకు 7. అంకె చూస్తే గుండె జారుతుంది. కానీ కింద ఉన్న 42,592 అంటే ఫ్లూ వచ్చినవాళ్లందరూ కాదు, పరీక్ష చేయించుకుని దొరికినవాళ్లు. కేంద్ర ఆరోగ్య శాఖ నియమాలు ఫ్లూ రోగులను ఎ, బి, సి అని మూడు గుంపులు చేస్తాయి. కొద్దిపాటి జ్వరం, దగ్గు ఉన్న ఎ గుంపుకు పరీక్షే అక్కర్లేదు, ఇంట్లో విడిగా ఉంటే చాలు. జ్వరం ఎక్కువగా ఉన్నా, గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, ఇతర జబ్బులున్నవాళ్లయినా బి గుంపు. పరీక్ష కోసం ఆగకుండా డాక్టరు మందు మొదలుపెట్టొచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, కళ్లెలో రక్తం, గోళ్లు నీలంగా మారడం ఉంటే సి: పరీక్ష, ఆసుపత్రి. అంటే పరీక్ష దాకా వెళ్లేది ముఖ్యంగా బాగా ముదిరినవాళ్లే. ఇంట్లో పడుకుని లేచిన లక్షలమంది ఆ భాగహారంలో లేనే లేరు.

మరీ తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా ఫ్లూ వచ్చేది సుమారు 100 కోట్ల మందికి, అందులో 30 నుంచి 50 లక్షల మందికి తీవ్రంగా. ఊపిరి సమస్యలతో పోయేవాళ్లు 2.9 లక్షల నుంచి 6.5 లక్షలు. ఇవికాక ఫ్లూ ఖాతాలో పడని మరణాలున్నాయి. కెనడాలోని అంటారియోలో ఫ్లూ నిర్ధారణ అయినవాళ్ల ఆసుపత్రి రికార్డులు తిరగేస్తే, ఫ్లూ తేలిన మొదటి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకు 6 రెట్లు కనిపించింది. 2018లో అచ్చయిన ఈ లెక్క షుగరు, బీపీ, పాత స్టెంటు ఉన్న పెద్దాయన ఉన్న ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. ఆయన పోయినప్పుడు ఎవరూ ఫ్లూ అనరు, ‘గుండె ఆగింది’ అంటారు.

ముందు ఎవరికి?

ఫ్లూ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే పిల్లల టీకాల పట్టికలో లేదు. ప్రైవేటులో ఒక్కో డోసు దాదాపు 1,500 నుంచి 2,000 రూపాయలు. ఆరుగురున్న ఇంట్లో అందరికీ అంటే నెల సరుకులు మరిచిపోవాల్సిందే. వరుస పెట్టుకోవడం తప్పదు.

నా వరుసలో మొదటిది గర్భిణి. ఆరు నెలల లోపు పసిబిడ్డకు ఫ్లూ టీకా లేదు, వాడికి దొరికే రక్షణ తల్లి నుంచి రావాల్సిందే. ఢాకాలో 340 మంది గర్భిణులతో జరిగిన పరీక్ష 2008లో వెలువడింది. కొందరికి ఫ్లూ టీకా, కొందరికి న్యుమోకాకల్ టీకా ఇచ్చారు. ఫ్లూ టీకా పడిన తల్లుల బిడ్డలకు మొదటి ఆరు నెలల్లో పరీక్షలో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గింది. ఒక సూదికి ఇద్దరికి కాపుదల, ఇంత గిట్టుబాటు బేరం వైద్యంలో తక్కువ. ఏ నెలలోనైనా వేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చూసే డాక్టరమ్మను అడిగి వేయించుకోవడమే.

తర్వాత ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలు. భారత శిశువైద్యుల సంఘం ఈ వయసు వాళ్లందరికీ ఏటా వేయించమంటుంది. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు జీవితంలో మొదటిసారి అయితే 4 వారాల ఎడంతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటే. మొదటి ఏడాది రెండో డోసు ఎగ్గొట్టే తల్లిదండ్రులు ఎక్కువ, డబ్బూ సగం, రక్షణా సగమే. ఆ తర్వాత ఇంట్లో షుగరు, గుండె, ఉబ్బసం ఉన్నవాళ్లు, 65 దాటినవాళ్లు.

పిల్లలకు వేస్తే తాతయ్యకు లాభమా? జపాన్ ఈ ప్రశ్నకు అనుకోకుండా జవాబు చెప్పింది. అక్కడ 1962 నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకా వేశారు, 1977లో తప్పనిసరి చేశారు, 1987లో తల్లిదండ్రుల ఇష్టానికి వదిలారు, 1994లో కార్యక్రమమే ఎత్తేశారు. ఆ ఏళ్ల మరణాల గీతను 2001లో పరిశోధకులు పరిశీలిస్తే, టీకా నడిచిన కాలంలో ఏటా 37,000 నుంచి 49,000 మరణాలు తప్పినట్టు తేలింది, ఎక్కువగా వృద్ధులవి. 420 మంది పిల్లలకు టీకా వేస్తే ఒక ప్రాణం. అంత ఉండదని వాదించినవాళ్లూ ఉన్నారు. మనవడు బడి నుంచి తెచ్చిన దగ్గు తాత ఛాతీలో దిగడం మాత్రం ఉమ్మడి కుటుంబాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఏ నెలలో? పెట్టె చూడండి

అమెరికా వెబ్‌సైట్లు సెప్టెంబరు, అక్టోబరు అంటాయి. వాళ్ల ఫ్లూ చలికాలానిది. మన దేశంలో పది కేంద్రాల లెక్కలతో 2015లో వచ్చిన అధ్యయనం వేరే చిత్రం చూపింది: శ్రీనగర్‌లో జనవరి నుంచి మార్చి, దేశంలో ఎక్కువ చోట్ల వానాకాలం, చెన్నై, వేలూరుల్లో అక్టోబరు, నవంబరు. అందుకే ఎక్కువ ప్రాంతాలకు ఏప్రిల్, మే నెలలే సరైనవి, బళ్లు తెరిచే ముందు, తొలకరికి ముందు. చాలామంది వానలు ముదిరి, పేపర్లో ‘వైరల్ జ్వరాలు’ అని వచ్చాక లేస్తారు. అప్పుడైనా ఏమీ వేయించుకోకపోవడం కన్నా నయమే, ఎందుకంటే జనవరి–మార్చి మధ్య చిన్న అల ఇంకోటి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏటా రెండుసార్లు కూర్చుని టీకాలో ఏ వైరస్‌లుండాలో ఖాయం చేస్తారు: ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి. మన మార్కెట్లోకి రెండు రకాలూ వస్తాయి. సిస్టర్ సిరంజి విప్పే ముందు పెట్టె ఒకసారి చేతికి తీసుకోండి. ‘నార్తర్న్ హెమిస్ఫియర్’ అనో ‘సదర్న్ హెమిస్ఫియర్’ అనో, పక్కన సంవత్సరం ఉంటుంది. దాని కింద వైరస్‌ల పేర్లు, ఒక్కోదానికి ఎదురుగా 15 మైక్రోగ్రాములు. నిల్వ 2 నుంచి 8 డిగ్రీల మధ్య అని కూడా ఉంటుంది. కరెంటు పోతే ఫ్రిజ్ సంగతేమిటని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మే నెలలో కావాల్సింది అప్పటికి వచ్చినవాటిలో కొత్తది, నిరుటి సరుకు కాదు. పేర్లు నాలుగు కాక మూడే ఉన్నా కల్తీ అనుకోవద్దు. బి/యమగాట అనే రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనబడలేదు, దాంతో దాన్ని తీసేయమని 2023లో సిఫారసు చేశారు.

వచ్చేశాక

యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం ఊపేసినప్పుడు భారత వైద్య సంఘం ప్రత్యేకంగా హెచ్చరించింది: జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, దానికి అజిత్రోమైసిన్ మింగొద్దని. ఫ్లూకు పనిచేసే మందు ఒసెల్టామివిర్. డాక్టరు రాయాలి, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే లాభం ఎక్కువ. కాబట్టి బి గుంపు వాళ్లు మూడో రోజు దాకా కషాయాలతో నెట్టుకురాకూడదు. పిల్లలకు జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు, రే సిండ్రోమ్ అనే ప్రమాదం ఉంది. పసివాడు డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా, ఎనిమిది గంటలుగా ఒంటికి పోయకపోయినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా ఇంట్లో ఉంచే సమయం కాదు.

పురిటికని అమెరికా వెళ్లే అమ్మానాన్నలది ప్రత్యేక కేసు. అక్కడి పిల్లల డాక్టర్లు బిడ్డ దగ్గరికి వచ్చే పెద్దలకు కోరింత దగ్గు టీకాతోపాటు ఫ్లూ టీకా పడిందా అని అడుగుతారు. 2024–25 సీజన్లో అక్కడ ఫ్లూతో 280 మంది పిల్లలు పోయారు, టీకా వివరాలు తెలిసినవాళ్లలో దాదాపు 90 శాతం మందికి టీకా పూర్తిగా పడలేదు. మేలో ఇక్కడ వేయించుకున్నవాళ్లకు డిసెంబరు నాటికి రక్షణ పలచబడి ఉంటుంది, పైగా అక్కడి సీజనుకు ఉత్తరార్ధగోళపు పెట్టె వేరే వచ్చి ఉంటుంది. అక్టోబరు తర్వాత ప్రయాణమైతే మరో డోసు సంగతి డాక్టరును అడగండి, సూదికీ విమానానికీ మధ్య రెండు వారాలు ఉండేలా చూసుకుని.