కృతజ్ఞతార్పణ తరువాత ఆ బిడ్డకు తోడెవరు?



మన సంఘములో ఒక ఆడబిడ్డ నర్సింగు పాసైతే ఆ ఆదివారము కృతజ్ఞతార్పణ ఉంటుంది. తల్లిదండ్రులను ముందుకు పిలిచి ప్రార్థిస్తాము. ఆ తరువాత ఆ బిడ్డను మరచిపోతాము. గాజులరామారములో మేమును అట్లే చేశాము.

పల్లె నుండి వచ్చి ఒక ఆసుపత్రిలో చేరిన మా సంఘపు అమ్మాయి మూడవ వారము నుండి ఆరాధనకు రాలేదు. మేము మా సతీమణితో కలిసి ఆమె అద్దె గదికి వెళ్లాము. నైట్ డ్యూటీ దిగి వచ్చి, అన్నము ముట్టకుండ కూర్చొని ఉన్నది.

"అయ్యగారూ, రాత్రి ఒక ఇంజెక్షను మోతాదు మీద అనుమానము వచ్చింది. సీనియరును అడిగితే, 'ఇన్నేండ్లు ఏం చదివినవ్?' అని అందరి ముందర అన్నది. ఇంక ఎవ్వరినీ అడగను" అని ఏడ్చింది.

ఆమె కన్నీటికంటె ఆ చివరి మాటకే మేము ఎక్కువ భయపడ్డాము. అడగడము మానిన నర్సు చేతిలో ఒక రోగి ప్రాణము ఉన్నది గదా!

ఈ కష్టము ఆమె ఒక్కతెది కాదు. అమెరికా దేశపు నర్సు మార్లీన్ క్రామర్ 1974లోనే దీనిని గూర్చి వ్రాసి, 'రియాలిటీ షాక్' అని పేరు పెట్టినది. చదువుకునే రోజులలో ప్రక్కన టీచరు ఉండి నేర్పుతుంది. వార్డులోనైతే ఒకే సమయమున పది పడకలు పిలుస్తాయి. డాక్టరుగారి రౌండ్సు, బంధువుల ప్రశ్నలు, రిజిస్టర్లు అన్నీ మీద పడతాయి. మొదటి సంతోషము తగ్గి నిరాశ, కోపము కలుగుతాయి. ప్యాట్రిషియా బెన్నర్ అను మరొక నర్సు 1984లో, క్రొత్తగా వచ్చినవారు నిపుణులగుటకు ఐదు మెట్లున్నవని చెప్పినది. సర్టిఫికెట్టు చేతికి వచ్చిన దినమే ఎవరును చివరి మెట్టు మీద ఉండరు.

మా సంఘములో రిటైరైన స్టాఫ్ నర్సు ఒకరున్నారు. సంగతి చెప్పగా ఆమె ఆ అమ్మాయిని వారమునకొకసారి ఇంటికి పిలిచి, ముందు అన్నము పెట్టి, తరువాత మాటలాడేవారు. "రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గము, వేళ, ఈ ఐదూ చూడనిదే చేయి కదపకమ్మా. అనుమానముంటే తిట్టినా సరే అడుగు. డ్యూటీ అప్పగించేటప్పుడు పడక పడకకూ వెళ్లి చెప్పు. పొరపాటు జరిగితే వెంటనే చెప్పు, దాచితే రోగికే నష్టము" అని నేర్పారు. రోగుల పేర్లు మాత్రము అడిగేవారు కారు.

తల్లిదండ్రులారా, బిడ్డ ఫోను చేయగానే జీతము మాట ఎత్తవద్దు. "తిన్నావా, నిద్రపోయావా?" అని అడగండి. నైట్ డ్యూటీ చేసి ఇంటికి వస్తే పగలు నిద్రపోనివ్వండి. సీనియర్ సిస్టర్లారా, తప్పు దిద్దవలసి వస్తే ప్రక్కకు పిలిచి దిద్దండి.

సౌలును చూచి యెరూషలేములోని శిష్యులు భయపడినప్పుడు, బర్నబా అతని వెంట నిలిచి అపొస్తలులయొద్దకు తోడుకొని వెళ్లెను. క్రొత్తవారికి అట్టి మనిషి ఒక్కరు చాలును.

ఆ అమ్మాయి ఉద్యోగము మానలేదు. అనుమానము వస్తే ఇప్పటికీ అడుగుతుంది. ఈసారి మీ సంఘములో నర్సింగు పాసైన బిడ్డ కొరకు ప్రార్థించునప్పుడు, ఆరు నెలలపాటు ఆమె యోగక్షేమములు విచారించే ఒక పెద్దమ్మ పేరు కూడ ఆ దినమే నిర్ణయించండి.