ఏడో మనిషి ఎక్కడ కూర్చుంటాడు?

"ఏడుగురం ఎక్కితే మా కారు హెడ్‌లైట్లు రోడ్డు మీద కాకుండా చెట్ల మీద పడుతున్నాయి, ఎందుకు సార్?" మొమెంట్స్ పాఠం చెబుతుంటే ఒక కుర్రాడు అడిగాడు. ఆ రోజుకి పుస్తకంలోని దూలాల లెక్కలన్నీ పక్కకి వెళ్ళిపోయాయి. వాళ్ళింట్లో ఉన్నది రెనో ట్రైబర్. నాకు ముచ్చటైన బండి. వేగానికి కాదు, అందానికి అంతకన్నా కాదు. నాలుగు మీటర్లలోపు ఏడు సీట్లు సర్దిన తీరుకి.

ఆ నాలుగు మీటర్ల గొడవ 2006 బడ్జెట్ పెట్టింది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజిను 1,200 సీసీ మించకుండా ఉంటే ఎక్సైజు సుంకం తగ్గుతుందన్నారు. అప్పటినుంచి మన కార్ల కంపెనీలు టేపు చేతిలో పట్టుకునే బండి గీస్తున్నాయి. 2019లో వచ్చిన ట్రైబర్ పొడవు 3,990 మిల్లీమీటర్లు. గీతకి సరిగ్గా ఒక సెంటీమీటరు ఇవతల ఆగింది.

దీని తెలివి అర్థం కావాలంటే క్వాలిస్ కిందికి ఒకసారి దూరి చూడాలి. 2000లో వచ్చిన ఆ టయోటా బండిలో ఇంజిను ముందు, తోసే చక్రాలు వెనక. మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్. దాని చివర, వెనక ఇరుసునీ దాని గేర్లనీ మూసి ఉంచే హౌసింగ్. ఆ హౌసింగ్ మొత్తం కమాన్ పట్టీల మీద పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి అది ఎగరడానికి పైన ఖాళీ వదలాలి. దాని పైన ఛాసీ, ఛాసీ పైన ఫ్లోరు, ఫ్లోరు పైన సీటు. చీర కట్టుకున్న అత్తయ్యలు డోరు పట్టుకుని ఒక కాలు ఎత్తి ఆలోచించింది అందుకే. పది సీట్ల రకంలో వెనకవాళ్ళని ఎదురెదురుగా పక్కవాటు బెంచీల మీద కూర్చోబెట్టేశారు.

ట్రైబర్‌లో షాఫ్టే లేదు. మూడు సిలిండర్ల చిన్న ఇంజినుని బానెట్‌లో అడ్డంగా పెట్టి, ముందు చక్రాలకే పని అప్పగించారు. వెనక చక్రాలు ఊరికే వెంట వస్తాయి. వాటిని కలిపే అడ్డబద్దె మెలితిరిగి సర్దుకుంటుందే గాని, హౌసింగ్‌లా చోటు తినదు. దాంతో ఫ్లోరు కిందికి దిగింది. ఫ్లోరు దిగితే కాళ్ళు దిగుతాయి, కాళ్ళు దిగితే మోకాళ్ళు గడ్డం దగ్గరికి రావు. రెండో వరస సీటు ముందుకి జరిగితే మూడో వరసకి పాదాలు పెట్టుకునే చోటు దొరుకుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది మూడో వరస సీట్లే. రెండూ విడివిడిగా ఊడివస్తాయి, ఇంట్లో పెట్టి వెళ్ళొచ్చు. ఏడుగురూ ఉంటే డిక్కీ 84 లీటర్లు, అంటే రెండు బ్యాగులు, ఒక పులిహోర డబ్బా. సీట్లు రెండూ తీసేస్తే 625 లీటర్లు.

ఇక కుర్రాడి ప్రశ్న. పల్లకీ మోసే ఇద్దరిలో బరువు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళ భుజం ఎక్కువ వంగుతుంది. ఇక్కడ ఆ ఇద్దరూ ముందు ఇరుసు, వెనక ఇరుసు. వాటి మధ్య దూరం 2,636 మిల్లీమీటర్లు. ఖాళీ బండి సుమారు 947 కిలోలు. ఇంజిను ముందుంది కాబట్టి అరవై శాతం, అంటే 570 కిలోలు, ముందు ఇరుసు మీద ఉందనుకుందాం. వెనక 380. ఇప్పుడు 65 కిలోల మనుషుల్ని ఒక్కొక్కరినే ఎక్కించండి. ముందు సీట్లవాళ్ళ బరువు రెండు ఇరుసులూ ఇంచుమించు పంచుకుంటాయి. రెండో వరసలో ముగ్గురి బరువు మూడొంతులు వెనక్కే పోతుంది. మూడో వరసలో ఇద్దరూ దాదాపు వెనక ఇరుసు నెత్తినే కూర్చుంటారు, ముందు ఇరుసుకి వాళ్ళు ఎక్కిన సంగతే తెలియదు. కూడితే ముందు 680, వెనక 720. ముందుకి పెరిగింది 110 కిలోలే. వెనక బరువు రెట్టింపుకి చేరువైంది.

స్ప్రింగు గట్టిగా పెడితే ఇద్దరే వెళ్ళేటప్పుడు నడుములు విరుగుతాయి. మెత్తగా పెడితే ఏడుగురికి తోక వాలుతుంది. వెనక భాగం ముందుకన్నా 5 సెంటీమీటర్లు ఎక్కువ దిగిందనుకోండి, యాభై మీటర్ల దూరంలో లైటు 95 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఎదురొచ్చే లారీ డ్రైవరు తిట్టుకునేది ఆ 95 సెంటీమీటర్లనే. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన ఉండే, ఎవరూ ముట్టుకోని చిన్న చక్రం లైటు దించడానికే.

మరి బరువంతా వెనక ఉంటే ముందు చక్రాలు తిరుమల ఘాట్‌లో జారవా? సుమో, క్వాలిస్ అభిమానుల పాత వాదం ఇదే. లెక్క వేద్దాం. నూరు మీటర్లకి పది మీటర్లు లేచే ఎత్తులో మరో ముప్పై కిలోలు ముందు నుంచి వెనక్కి జారతాయి. ముందు చక్రాల మీద 650 మిగులుతాయి. తడి తారు మీద పట్టు అందులో నలభై శాతమే అనుకున్నా 260 కిలోలు. బండిని పైకి లాగడానికి కావలసింది 160 లోపే. టైరు జారదు. జారేది డ్రైవరు గేరు లెక్క. ఆ ఎత్తు గంటకి నలభై కిలోమీటర్లతో ఎక్కాలంటే 23 హార్స్‌పవర్ కావాలి. 999 సీసీ ఇంజిను 3,500 చుట్ల దగ్గర 96 న్యూటన్ మీటర్ల టార్క్‌తో 48 ఇస్తుంది. అదే 1,500 చుట్ల దగ్గర, టార్క్ తగ్గలేదనుకున్నా, 20 దగ్గర ఆగిపోతుంది. రెండో గేరులోకి దిగి, ఇంజిను అరుపు భరించాల్సిందే. కాగితం మీద క్వాలిస్‌కి ఉన్నదీ 75 హార్స్‌పవరే, దీనికి 72. కానీ 2,446 సీసీ డీజిలు తక్కువ చుట్లలోనే గట్టిగా లాగేది. మనం మరిచిపోలేనిది ఆ లాగుడే.

తర్వాతి కథ తెలిసిందే. 2005లో క్వాలిస్ పోయి ఇన్నోవా వచ్చింది, కమాన్లు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 2012లో మారుతి ఎర్టిగా స్విఫ్ట్ పునాది మీద, షాఫ్ట్ లేకుండా, నాలుగు మీటర్ల గీత దాటేసి 4,265 మిల్లీమీటర్లతో దిగి, ఇళ్ళకీ ట్యాక్సీలకీ అలవాటైపోయింది. 2022 చివర్లో ఇన్నోవా హైక్రాస్ కూడా ముందు చక్రాలకే మారింది. వెనక చక్రాలు తోసే ఇన్నోవా క్రిస్టా మాత్రం ఆ పక్కనే అమ్ముడవుతూ వచ్చింది. ట్రావెల్స్ వాళ్ళు దాన్నే ఎందుకు అడుగుతారో వాళ్ళ టాప్ క్యారియర్ చూస్తే తెలుస్తుంది. నా లెక్కలో సామాను లేదు.