పిల్లల పరిశోధనలో ఆన్‌లైన్ జనరల్ నాలెడ్జి పరీక్ష: రూపకల్పన, మార్కుల లెక్క

1. సమస్య ఏమి?

పిల్లలనుగూర్చి పరిశోధన చేయు విద్యార్థులు నేడు తరచుగా ఎన్నుకొనుచున్న సాధనము ఆన్‌లైన్ జనరల్ నాలెడ్జి పరీక్ష. దీనికి ఖర్చు తక్కువ. జవాబులు వాటంతట అవే ఒకచోట చేరును. మార్కులు యంత్రమే వేయును. అయితే సులభముగా చేతికి వచ్చిన అంకె నమ్మదగిన అంకె కానక్కరలేదు. 40 ప్రశ్నలలో ఒక బిడ్డకు 20 మార్కులు వచ్చినవనుకొందము. ఆ 20లో ఆ బిడ్డకు తెలిసినది ఎంత? ప్రశ్నను చదవగలిగిన శక్తి ఎంత? ఫోను పట్టుకొను అలవాటు ఎంత? ఊహించి నొక్కగా తగిలినది ఎంత? ఈ నాలుగింటిని సాధ్యమైనంతవరకు విడదీయుటకే పరీక్షకు రూపకల్పన అవసరము. ఈ విషయమును వడ్లమూడి, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమును ఉదాహరణగా తీసికొని ఈ వ్యాసములో వివరించుచున్నాము.

2. పూర్వానుభవము

పిల్లల మానసిక పరీక్షలకు నాంది పలికిన ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సైమన్ 1905లో తమ ప్రశ్నావళిని ప్రచురించిరి. పాఠశాలలో ప్రత్యేక సహాయము ఎవరికి కావలెనో కనుగొనుటయే వారి ఉద్దేశము. అటు తరువాత ఇతర దేశములలో అదే సాధనము పిల్లలపై శాశ్వతమైన ముద్ర వేయుటకు కూడ ఉపయోగపడినది. మన దేశములో లాహోరులోని ఫోర్‌మన్ క్రైస్తవ కళాశాలకు చెందిన సి. హెర్బర్ట్ రైస్ 1920వ దశకములో బినే పరీక్షను హిందుస్తానీ పిల్లలకు అనుగుణముగా మలచెను. పరీక్షను భాష మార్చి వ్రాసినంతమాత్రమున సరిపోదనియు, అక్కడి పిల్లలపై ప్రయోగించి సరిచూడవలెననియు ఆ తొలి ప్రయత్నమే చూపినది.

మన రాష్ట్రమునకు వచ్చినయెడల రెండు పరిశోధనలు ముఖ్యమైనవి. మొదటిది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాలలో 2005లో ప్రారంభమైన అధ్యయనము. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీనిని నడిపించిరి. విద్యార్థుల ప్రగతినిబట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చినప్పుడు ఏమి జరుగునో వారు పరిశీలించిరి. ఇందులో ప్రశ్నలను రెండు రకములుగా చేసిరి: పాఠ్యపుస్తకములోని రూపములోనే అడుగు ప్రశ్నలు, విషయము అర్థమైతేనే జవాబు చెప్పగలిగిన ప్రశ్నలు. బట్టీ పట్టించినందువలన మార్కులు పెరిగినవా, నిజముగా నేర్చుకొన్నందువలనా అని తెలిసికొనుటకు ఈ విభజన తోడ్పడినది. బోనసు లెక్కలు, భాష అను రెండు సబ్జెక్టులకే ఉన్నను, బోనసుతో సంబంధములేని సామాన్య శాస్త్రము, సాంఘిక శాస్త్రములలో కూడ పరీక్ష పెట్టి సరిచూచిరి. ఫలితములు 2011లో ప్రచురింపబడినవి.

రెండవది, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము ఆధ్వర్యములో నడచిన 'యంగ్ లైవ్స్' అధ్యయనము. 2002 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను ఏండ్ల తరబడి ఇది అనుసరించినది. వారు వాడిన సాధనములలో ఒకటి అమెరికాలో తయారైన బొమ్మల పదపరీక్ష. పరీక్షకుడు ఒక మాట పలుకును, బిడ్డ నాలుగు బొమ్మలలో సరియైనదానిని చూపవలెను. అనువాదమువలన ప్రశ్నల కఠినత మారును గనుక, వారు సరిగా పనిచేయని ప్రశ్నలను తొలగించి, ఫలితములను భాషా వర్గములవారీగా పరిశీలించిరి. పెద్ద నిధులు, నిపుణులు ఉన్నవారే ఇంత జాగ్రత్త పడినప్పుడు, ఒక్క ఫోనుతో బయలుదేరిన మన విద్యార్థి మరింత జాగ్రత్త పడవలెను.

3. ఏమి కొలుచుచున్నామో ముందుగా వ్రాసికొనవలెను

"జనరల్ నాలెడ్జి" అను మాటకు హద్దు లేదు. గనుక ప్రశ్నలు వ్రాయకముందే ఒక పట్టిక వేసికొనవలెను. బి.ఇడి. చదివినవారు దీనిని బ్లూప్రింటు అందురు. 40 ప్రశ్నల పరీక్షకు నాలుగు భాగములు చాలును: ఊరు-పరిసరములు, ప్రకృతి-శరీరము, దేశము-చరిత్ర, దైనందిన వ్యవహారములు (డబ్బు, కాలము, కొలతలు). ఒక్కొక్క దానికి 10 ప్రశ్నలు. ప్రతి పదింటిలోను 3 సులభమైనవి, 4 మధ్యస్థమైనవి, 3 కఠినమైనవి ఉండవలెను. అంతా కఠినమైనయెడల వెనుకబడిన పిల్లలమధ్య భేదము కనబడదు. అంతా సులభమైనయెడల ముందున్నవారి భేదము కనబడదు.

ఆదివారపు బడికి వచ్చు పిల్లలపై పరిశోధన చేయువారు బైబిలు ప్రశ్నలను ఈ పరీక్షలో చేర్చకూడదు. అవి ఎవరు బడికి క్రమముగా వచ్చుచున్నారో చెప్పును గాని, సామాన్య జ్ఞానమునుగూర్చి ఏమియు చెప్పవు.

స్థానిక విషయములలో మరియొక చిక్కు ఉన్నది. "రేపల్లె ఏ జిల్లాలో ఉన్నది?" అని అడిగినామనుకొందము. 2022 ఏప్రిల్ 4కు ముందు సరియైన జవాబు గుంటూరు. ఆనాడు బాపట్ల జిల్లా ఏర్పడిన తరువాత జవాబు బాపట్ల. తెనాలి, వడ్లమూడి గుంటూరు జిల్లాలోనే నిలిచినవి. తాతయ్య చెప్పినది నమ్మి "గుంటూరు" అని నొక్కిన రేపల్లె బిడ్డకు తెలివి లేదనుట న్యాయము కాదు. కాలముతో మారు విషయములను విడిచిపెట్టుట మేలు, లేదా ప్రశ్నలోనే సంవత్సరమును చెప్పవలెను.

4. ప్రశ్నలు, జవాబులు వ్రాయు విధానము

ప్రశ్న ఒకే వాక్యములో, బిడ్డ తరగతికి రెండు తరగతుల దిగువనున్న తెలుగులో ఉండవలెను. "ఈ క్రిందివానిలో కానిది ఏది?" అను ప్రశ్నలను, "పైవన్నియు" అను జవాబును మానవలెను. అవి జ్ఞానముకంటె ఎక్కువగా చదువు నేర్పును కొలుచును.

తప్పు జవాబులు నమ్మదగినవిగా ఉండవలెను. ఉదాహరణకు: "దుగ్గిరాల మార్కెట్ యార్డు ఏ పంటకు ప్రసిద్ధి?" జవాబులుగా పసుపు, కుంకుమపువ్వు, ఆపిల్, టీ ఇచ్చినయెడల, ఏమియు తెలియని బిడ్డ కూడ మూడింటిని కొట్టివేయగలదు. పసుపు, మిరప, ప్రత్తి, పొగాకు ఇచ్చినయెడల ఆలోచింపవలసివచ్చును. గుంటూరు మిరప యార్డు సంగతి విన్న బిడ్డ "మిరప" అని నొక్కును. ఆ తప్పు కూడ పరిశోధకునికి ఒక సమాచారమే.

భాష విషయములో 2020 తరువాత మన రాష్ట్ర పాఠశాలలకు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకములు మంచి మార్గము చూపుచున్నవి. వాటిలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెరమీద కూడ ప్రశ్నను రెండు భాషలలో చూపి, ఏ భాషను ఎన్నుకొన్నారో నమోదు చేయవలెను. ఇంగ్లీషు మీడియం బిడ్డకు "కిరణజన్య సంయోగక్రియ" తెలియకపోవచ్చును, కాని ఆకు ఆహారమును ఎట్లు తయారుచేయునో తెలిసియుండవచ్చును.

5. తెరమీద పెట్టునప్పుడు

కాగితమునకు లేని కష్టములు తెరకు ఉన్నవి. వాటిని ముందుగా తొలగించుకొనవలెను.

(అ) టైపు చేయించకూడదు. బొమ్మను గాని జవాబును గాని తాకినంతమాత్రమున సరిపోవలెను.

(ఆ) ప్రశ్నను వినుటకు ఒక బొత్తాము ఉండవలెను. 2005లో ప్రారంభమైన అసర్ సర్వేలో ఇండ్లకు వెళ్లి ఒక్కొక్క బిడ్డచేత విడివిడిగా చదివించుటకు కారణమిదే: చదువలేని బిడ్డకు వ్రాతపరీక్ష పెట్టినయెడల మనము కొలుచునది చదువు మాత్రమే.

(ఇ) మార్కులు లేని మూడు అభ్యాస ప్రశ్నలు ముందుగా ఇవ్వవలెను. అప్పుడు ఫోను అలవాటు లేని బిడ్డ కొంత సర్దుకొనును.

(ఈ) జవాబులు ముందు ఫోనులోనే భద్రమై, సిగ్నలు వచ్చినప్పుడు పంపబడవలెను. సిగ్నలు పోయినందువలన ఆగిన పరీక్షను "జవాబు ఇవ్వలేదు" అని లెక్కించుట అన్యాయము.

(ఉ) ఒక్కొక్క ప్రశ్నకు పట్టిన సమయమును నమోదు చేయవలెను. ప్రశ్నను చదువుటకు కూడ చాలని రెండు సెకండ్లలో వచ్చిన జవాబు ఆలోచించి ఇచ్చినది కాదు.

(ఊ) ఇంటిలో అన్నయో అక్కయో ప్రక్కన కూర్చుండి చెప్పుట సహజము. గనుక పాఠశాలలోనో మరియొక సామాన్య స్థలములోనో, ఒకే రకమైన ఫోనులతో, ఒక పెద్ద ఎదుట పరీక్ష జరుగుట మంచిది.

6. మార్కుల లెక్క

నాలుగు జవాబుల ప్రశ్నలు 40 ఉన్నయెడల, ఏమియు తెలియకుండ నొక్కినను సగటున 10 సరిపోవును. దీనిని సవరించుటకు ఒక పాత సూత్రము ఉన్నది: సరియైన జవాబుల సంఖ్యనుండి, తప్పు జవాబుల సంఖ్యలో మూడవ వంతును తీసివేయవలెను. ఒక బిడ్డ 22 సరిగా, 6 తప్పుగా వ్రాసి, 12 విడిచిపెట్టెను. లెక్క: 22 - 2 = 20. మరియొక బిడ్డ 25 సరిగా, 15 తప్పుగా వ్రాసి, ఏదియు విడువలేదు. లెక్క: 25 - 5 = 20. పైకి మూడు మార్కుల భేదము కనబడినను, ఈ లెక్కనుబట్టి ఇద్దరూ సమానులే. భేదము ధైర్యములో ఉన్నది.

అయినను "తప్పునకు మార్కు కోత" అని పిల్లలకు ముందుగా చెప్పుట మంచిది కాదు. భయపడు బిడ్డ తెలిసినదానిని కూడ విడిచిపెట్టును. దానికి బదులు "నాకు తెలియదు" అను ఐదవ బొత్తాము ఇచ్చి, దానిని నొక్కుట తప్పు కాదని అభ్యాస ప్రశ్నలలోనే నేర్పవలెను. పరిశోధన పత్రములో మామూలు మార్కులను, సవరించిన మార్కులను రెండింటిని చూపవలెను.

7. ప్రశ్నలను పరీక్షించుట

పిల్లలకు మార్కులు వేయకముందు ప్రశ్నలకు మార్కులు వేయవలెను. ముందుగా 100 మంది పిల్లలపై ప్రయోగించినామనుకొందము. ఒక ప్రశ్నకు 60 మంది సరిగా చెప్పినయెడల దాని కఠినతా సూచిక 0.60. ఇప్పుడు మొత్తము మార్కులనుబట్టి పైనున్న 27 మందిని, క్రిందనున్న 27 మందిని వేరుచేయవలెను. పైవారిలో 24 మంది, క్రిందివారిలో 9 మంది సరిగా చెప్పినయెడల భేదము 15. దానిని 27చేత భాగించగా విచక్షణా సూచిక సుమారు 0.56. ఇది మంచి ప్రశ్న. మరియొక ప్రశ్నకు పైవారిలో 13 మంది, క్రిందివారిలో 14 మంది సరిగా చెప్పినయెడల, ఆ ప్రశ్న అస్పష్టముగా ఉన్నది, లేదా మనము సరియైనదని పెట్టిన జవాబే తప్పు. దానిని తీసివేయవలెను. సాధారణముగా 0.20కి దిగువనున్న ప్రశ్నలను తిరిగి వ్రాయుదురు.

ఇంకొక పరిశీలన ఉన్నది. మొత్తము మార్కులు సమానముగా ఉన్న పిల్లలను మాత్రమే తీసికొని, రెండు వర్గములను పోల్చవలెను. సముద్రపు ఆటుపోట్లనుగూర్చిన ప్రశ్నకు నిజాంపట్నము పిల్లలు సులభముగా జవాబిచ్చి, అన్నిటిలో వారితో సమానమైన వడ్లమూడి పిల్లలు తప్పినయెడల, ఆ ప్రశ్న తెలివిని కాక నివాసమును కొలుచుచున్నది. కాలువ నీటి వంతులనుగూర్చిన ప్రశ్న విషయములో దీనికి వ్యతిరేకముగా జరుగవచ్చును. ఇట్టివాటిని తీసివేయవలెను, లేదా రెండు వైపులా సమానముగా ఉంచవలెను.

8. అంకెను ఎట్లు చెప్పవలెను?

ప్రతి మార్కులోను కొంత పొరపాటు దాగియున్నది. ప్రామాణిక విచలనము, అనగా మార్కులు సగటునుండి ఎంత చెదరియున్నవో తెలుపు కొలత, 6 అనియు, పరీక్ష విశ్వసనీయత 0.84 అనియు అనుకొందము. 1 నుండి 0.84 తీసివేయగా 0.16. దాని వర్గమూలము 0.4. దానిని 6చేత గుణించగా 2.4. అనగా 20 మార్కులు వచ్చిన బిడ్డ నిజ స్థానము సుమారు 17.6 నుండి 22.4 మధ్య ఎక్కడనైనను ఉండవచ్చును. అంతకంటె దూరముగా ఉండు అవకాశము కూడ కొంత ఉన్నది. అట్లయినప్పుడు 20 వచ్చిన బిడ్డను వెనుకకు, 22 వచ్చిన బిడ్డను ముందుకు నిలుపుటకు ఆధారము లేదు.

అందువలన ర్యాంకులు ప్రకటించకూడదు. వర్గముల సగటులను మాత్రమే చెప్పవలెను. వయస్సును తరగతినిబట్టి కాక నెలలలో లెక్కించి, ఆ వయస్సువారితోనే పోల్చవలెను. ఊరిలో ఒక బిడ్డకు "మొద్దు" అను పేరు పడినయెడల అది ఇంటిపేరువలె వెంట నడచును. మన పరిశోధన ఆ పేరుకు సాక్ష్యము కాకూడదు.

9. సమ్మతి

భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకముల ప్రకారము, తల్లిదండ్రుల సమ్మతితోపాటు, 7 ఏండ్లు దాటిన బిడ్డ అంగీకారము కూడ తీసికొనవలెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారినందరిని బాలలుగా ఎంచి, వారి సమాచారమునకు ప్రత్యేక రక్షణ కల్పించినది. పేరుకు బదులు సంఖ్యను వాడవలెను. ఒక పేటలో ఎనిమిదిమందే పిల్లలున్నయెడల పేట పేరు, వయస్సు చెప్పినంతనే ఆ బిడ్డ ఎవరో తెలిసిపోవును. గనుక వాటిని కూడ కలిపి ప్రచురించకూడదు.

మన విద్యార్థులు ప్రత్యేకముగా గమనించవలసినది ఒకటి. సంఘకాపరి అడిగినప్పుడు కాదనుట తల్లిదండ్రులకు కష్టము. ఆ "సరే" పూర్ణ సమ్మతి కాదు. గనుక పరిశోధకుడు కాని మరియొకరు, కాపరి ఎదుట లేనప్పుడు, సమ్మతిని అడుగుట మేలు.

10. ముగింపు

పైన చెప్పిన పనికి పెద్ద ధనము అక్కరలేదు. ఒక పట్టిక, 60 ప్రశ్నలు వ్రాసి వాటినుండి నిలిచిన 40, ముందస్తు ప్రయోగమునకు 100 మంది పిల్లలు, కూడికలు తీసివేతలు చేయు ఓపిక చాలును. ఇవి లేక మొదటి రోజే లింకు పంపి, సాయంత్రమునకు మార్కులు చూచుకొనుట పరిశోధన అనిపించుకొనదు. తక్కువ మార్కులు కనబడినప్పుడు బిడ్డను అనుమానించకముందు ప్రశ్నను, భాషను, ఫోనును వరుసగా అనుమానించుడి. ఆ మూడును నిర్దోషములని తేలిన తరువాతనే బిడ్డకు ఏమి తెలియదో చెప్పుటకు మనకు అధికారము కలుగును. అప్పుడు కూడ ఆ బిడ్డకు ఏమి నేర్పవలెనో చెప్పుటకే ఆ అధికారమును వాడవలెను.