ముఖం లేని ముఖచిత్రం

"వానల సంచికకి పుట్టగొడుగులు. గురువారానికల్లా కాపీ కావాలి, ఫొటో పెద్దది పడాలి" అన్నారు ఎడిటర్‌గారు. ఫొటో దగ్గరే వచ్చింది చిక్కు. నేను పట్టుకున్న కథలో కథానాయకుడు కంటికి ఆనడు.

కథ ఎస్తోనియాది. టార్టూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త లేహో టెడర్సూ, ఆయన సహచరులు ప్రపంచంలో ఏ నేలలో ఏ శిలీంధ్రాలున్నాయో వెతికి, 2014లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. ఆ పత్రంలో నన్ను ఆపేసింది మాత్రం మట్టి ఎలా తీశారో చెప్పే చిన్న పేరా. 365 చోట్ల ఒకటే తంతు. 2,500 చదరపు మీటర్ల చెక్కలో ఇరవై చెట్లు ఎంచుకోవాలి. ఒక్కో చెట్టు మొదలుకి మీటరు, మీటరున్నర దూరంలో, ఎదురెదురు దిక్కుల్లో ఆకూ అలమూ పక్కకి తోసి, అయిదు సెంటీమీటర్ల వెడల్పున్న పీవీసీ గొట్టాన్ని అంతే లోతుకి సుత్తితో దిగ్గొట్టాలి. వచ్చిన నలభై మట్టిబిళ్లలూ కలిపి, రాళ్లూ లావు వేళ్లూ ఏరేసి ఆరబెట్టాలి. ప్లంబరు మన పెరట్లో వదిలేసి పోయే ముక్కలాంటి గొట్టమే! ఆ మట్టిలోని డీఎన్‌ఏ చదివితే దాదాపు 80 వేల రకాలు తేలాయి.

పేరు పెట్టి పిలవగలిగినవి మాత్రం కొన్నే. శాస్త్రీయ నామం పెట్టాలంటే నమూనా ఒకటి దాచి చూపించాలి. మట్టిలో దారప్పోగుల్లా బతికేవాటికి గొడుగెక్కడిది? అందుకే టార్టూలోనే ఉర్మాస్ కోల్యాల్గ్ బృందం నడిపే 'యునైట్' డేటాబేస్ వాటికి కోడ్ ఇస్తుంది: 'ఎస్‌హెచ్', తర్వాత ఏడంకెలు, కూర్పు సంఖ్య, చివర 'ఎఫ్‌యూ'. ఎస్‌హెచ్ అంటే స్పీసీస్ హైపోథిసిస్. ఇది ఒక జాతి అయ్యుండొచ్చని ఊహ.

హాల్‌టికెట్ నంబర్లా ఉందని మొదట మొహం చిట్లించాను. 2006లో వచ్చిన ఒక అధ్యయనం చూశాక మెత్తబడ్డాను. అందరూ వాడుకునే డీఎన్‌ఏ భాండాగారాల్లో శిలీంధ్రాల పేర్లు అయిదింట ఒకటి తప్పు కావచ్చని అందులో లెక్క. పైగా వాటిలో ఒకటైన జెన్‌బ్యాంక్‌లో తప్పు దిద్దే హక్కు దాన్ని పెట్టినవాళ్లదే. వేరేవాళ్లు కూడా గుర్తు పెట్టే వీలివ్వమని శిలీంధ్ర శాస్త్రవేత్తలు 2008లో 'సైన్స్'కి ఉత్తరం రాసినా భాండాగారం ఒప్పుకోలేదు. యునైట్‌లో ఆ వీలుంది. తప్పు పేరుకన్నా నంబరే నయమనిపించింది. అనుమానం పూర్తిగా పోలేదనుకోండి: డీఎన్‌ఏలో తేడా మూడు శాతం దగ్గర గీత గీస్తే ఒకే జాతి, అర శాతం దగ్గర గీస్తే రెండు మూడు కావచ్చు.

వెనకటి సంగతులు గబగబా: యునైట్ మొదలైంది ఉత్తర ఐరోపాలో చెట్ల వేళ్లతో పొత్తున్న శిలీంధ్రాల కోసం. 'ఐటీఎస్' అనే డీఎన్‌ఏ ముక్క 2012లో శిలీంధ్రాల బార్‌కోడ్ అయింది. కోపెన్‌హాగన్ కేంద్రంగా జీవవైవిధ్య సమాచారాన్ని ఎవరికైనా ఉచితంగా ఇచ్చే జీబిఫ్, పేర్ల పక్కనే ఈ కోడ్‌లనీ చేర్చుకుంది.

మిగిలిన ముక్కలు

• ధ్రువాలవైపు వెళ్లేకొద్దీ మొక్కల రకాలు తగ్గినంత వేగంగా శిలీంధ్రాలు తగ్గవు. వేళ్లతో పొత్తున్నవైతే ఉష్ణమండలంలోకన్నా చల్లటి అడవుల్లోనే ఎక్కువ రకాలు.

• పేరున్న శిలీంధ్రాలు సుమారు లక్షన్నర. మొత్తం 22 నుంచి 38 లక్షలుంటాయని 2017 నాటి అంచనా.

• ముఖచిత్రంలో ఉన్నది మన చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగు. ఈ కథలో దానికి పాత్ర లేదు.